పిలుపుల ఫోల్డర్

బుక్కరాయసముద్రం,
9 జూన్ 2025

చిరంజీవి ఓబులేష్‌కు,

కాలు ఎలా ఉంది? కట్టు ఇంకా ఆరు వారాలు ఉంచాలన్నారని పుష్పావతి చెప్పింది. బండి నడుపుతూ పడ్డవాళ్లను చాలామందిని చూశాను. స్టాండు వేసిన బండి మీద కూర్చుని పడ్డవాడివి నువ్వొక్కడివే.

ఒక సాంకేతిక విషయం అడగాలి. రాయదుర్గంలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ నేర్పుతున్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

మీ అక్క ల్యాప్‌టాప్‌ను నేను వాడుతున్నాను. పది రోజులుగా తెర మూలన ఒక హెచ్చరిక వస్తోంది. డిస్క్ నిండిపోయిందట. శాఖలో చేసినట్టే ముందు సర్వే చేశాను. డిస్క్ మొత్తం 118 జీబీ. ఖాళీ 2 జీబీ. మీ అక్క ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూశాను. అందులో 341 వీడియోలు. సైజ్ 164 జీబీ అని ఉంది.

118 పట్టే పాత్రలో 164 ఎలా పట్టింది? ముప్పై నాలుగేళ్లు భూగర్భ జలాల శాఖలో పనిచేశాను. తన లోతుకు మించి నీళ్లున్న బావిని చూడలేదు.

దాని కింద ఇంకో వరుస ఉంది. సైజ్ ఆన్ డిస్క్: సున్నా. రెండిట్లో ఏది నిజం?

ఆ ఫోల్డర్ సంగతి నీకు తెలుసు. పేరు 'పిలుపులు'. గొర్రెల కాపరులు మందను ఎలా పిలుస్తారు, జొన్నచేలో పిట్టలను ఎలా అదిలిస్తారు, సాయంత్రం కోళ్లను ఎలా గూటికి తోలుతారు, ఇవన్నీ జయంతి ఫోన్‌లో వీడియో తీసేది. బడి లేని ఆదివారాల్లో, పదకొండేళ్లు. ఒకరి కేక ఇంకొకరికి రాదు అనేది. స్కూటర్ నడిపింది నేను. నాకు అన్నీ ఒకే కేకలా వినిపించేవి.

ఆమె పోయి పదహారు నెలలైంది. ఫోల్డర్‌లో ఏదీ నేను తెరవలేదు. అవసరం పడలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నా గొంతు వింటే నువ్వు 'ఏడుస్తాండావా బావా' అని అడుగుతావు. నేను జలుబు అని చెప్పాలి. కాగితం అలా అడగదు. పైగా నీకు ఇప్పుడు మంచం మీద పని లేదు. రాయి.

మృగశిర వచ్చింది. వాన రాలేదు.

నీ బావ,
లక్ష్మీపతి

*

గుమ్మఘట్ట,
13 జూన్ 2025

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పోస్ట్‌మ్యాన్ యేసన్న కవరు చేతికిచ్చి, 'ఏమప్పా, కోర్టు నోటీసా?' అన్నాడు. నీ అక్షరాలు అట్లుంటాయి. మా బావ ప్రేమగా రాసిన జాబు అని చెప్తే నమ్మలేదు.

బండి సంగతి ఊరంతా చెప్పింది నా పెండ్లాం పుష్పావతే అని నాకిప్పుడు అర్థమైంది. అది తర్వాత చూసుకుంటాను.

నీ ప్రశ్నకు జవాబు. రెండూ నిజమే బావా. హిందూపురం దిక్కు చింతపండు వ్యాపారులు ఏం చేస్తారు? వంద మూటలు కొని కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఇంట్లో ఉండేది చీటీ ఒక్కటే. 'నీకు చింతపండు ఎంతుంది?' అంటే వంద మూటలు. 'ఇంట్లో ఎంత స్థలం పట్టింది?' అంటే ఏమీ లేదు, చీటీ గోడకు మేకుకు తగిలించి ఉండాది. సైజ్ అనేది మూటల సంగతి. సైజ్ ఆన్ డిస్క్ అనేది నీ ఇంటి సంగతి. అక్క వీడియోలు క్లౌడ్ అనే కోల్డ్ స్టోరేజీలో ఉండాయి. నీ ల్యాప్‌టాప్‌లో ఉండేవి చీటీలు. అందుకే 118లో 164 కనపడతాండాది.

ఒక్కో వీడియో పేరు పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంటాది చూడు. దానర్థం వస్తువు పైన ఉండాది, ఈడ లేదు అని. మబ్బు కనపడగానే వాన పడిందనుకునేవాడు మన జిల్లాలో ఎవడూ లేడు గదా, ఇదీ అంతే. నెట్ ఆన్ చేసి ఆ పేరు మీద రెండుసార్లు నొక్కితే అప్పుడు కిందికి దిగుతాది. దిగినాక మబ్బు పోయి పచ్చ టిక్కు వస్తాది. అప్పుడు డిస్క్ మీద కూడా స్థలం పడతాది.

నీకు చెప్పని సంగతి ఒకటి. ఇదంతా నాలుగేండ్ల కిందట నేనే పెట్టించినాను. ల్యాప్‌టాప్ నిండిపోయిందని అక్క అడిగితే. 'మీ బావకు చెప్పొద్దురా. ఇంట్లో లేనిదాన్ని ఉందని ఎట్ల రాస్తారు అని వారం రోజులు నాతో వాదిస్తాడు' అని నవ్వింది. చూడు, నాలుగేండ్లు ఆలస్యంగా వాదిస్తాండావు.

కాబట్టి డిస్క్ నింపింది ఆ వీడియోలు కావు. వేరే ఏదో ఉండాది. నేను రాసేదాకా దేన్నీ ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఆ చీటీలను. ఇంట్లో చీటీ చించితే, గోదాము వాడికి మూట కూడా పారేయమని చెప్పినట్టే.

ఇంకో పని. మా ఊరి బాలప్ప తెలుసు గదా, తిరుపాలమ్మ కొడుకు. ఎనభై గొర్రెలుండాయి. ఆయమ్మకు పోయిన నెల గొంతు ఆపరేషన్ అయ్యింది. ప్రాణం బాగుంది, మాట పోయింది. ఇన్నేండ్లూ మందను పిలిచింది ఆయమ్మే. ఇప్పుడు బాలప్ప పిలిస్తే ఒక్క గొర్రె తల ఎత్తదు. సాయంత్రం పూట గుట్ట మీద ఒక్కొక్కదాన్నీ ఎత్తుకుని దించుతాండాడు. నిన్న వచ్చి నా మంచం పక్కన కూలబడినాడు. 'అన్నా, మా అమ్మ మాట్లాడలేదు, గొర్రెలు నా మాట వినవు, ఇద్దరి మధ్యా నేను చస్తాండాను. టీచరమ్మ మా అమ్మ కేకను ఫోన్‌లో పట్టుకోనుండ్య. అది ఇప్పిస్తావా?'

ఇప్పిస్తానని మాటిచ్చినాను. తిరుపాలమ్మ పేరుతో వీడియో ఉంటాది. దాన్ని నాకు పంపు. నీకు తెరవబుద్ధి కాకపోతే తెరవద్దు. ఎట్ల పంపాలో తర్వాతి ఉత్తరంలో రాస్తాను.

పుష్పావతి రేపు పోస్టులో వేస్తాది.

నీ బావమరిది,
ఓబులేష్

*

బుక్కరాయసముద్రం,
14 జూన్ 2025

చిరంజీవి ఓబులేష్‌కు,

నీ జవాబు ఇంకా రాలేదు. ఇక అవసరం లేదు. సమస్య నేనే పరిష్కరించాను.

మా శాఖ రిపోర్టుల్లో రెండు గడులుండేవి. ఒకటి అంచనా, రెండోది వాస్తవం. అంచనా గడిలో గంటకు రెండు వేల గ్యాలన్లు అని రాసి, తవ్వాక వాస్తవం గడిలో సున్నా రాసిన బోర్లు ఈ జిల్లాలో వందలు. నేనే రాశాను. సున్నా వస్తే ఇంకేం లేదు. మూత బిగించి, పేరు కొట్టేయడమే.

సైజ్ అనేది అంచనా. సైజ్ ఆన్ డిస్క్ అనేది వాస్తవం. 341కీ సున్నానే.

అయినా ఒకదాన్ని పరీక్షించాను. ఆమె పోయాక మొదటిసారి. పైనుంచి మొదటి పేరు మీద రెండుసార్లు నొక్కాను. ఒక నిమిషం తిరిగి, తెరవడం కుదరదు అని వచ్చింది. రెండోదీ అంతే. అప్పుడు అర్థమైంది, లోపల ఏమీ లేదని. ఎప్పుడు ఎండిపోయాయో తెలియదు. పేర్లు మాత్రం మిగిలాయి.

పేర్లు మాత్రం ఉన్న జాబితాను రోజూ చూడడం నాకు ఇష్టం లేదు. అన్నిటినీ పట్టి తీసేశాను. ఏదో హెచ్చరిక అడిగింది, సరే అన్నాను. అలాంటి ఫారాల కింద ముప్పై నాలుగేళ్లు చదవకుండా సంతకం పెట్టినవాణ్ణి.

విచిత్రం ఏమిటంటే, 164 తీసేసినా ఖాళీ స్థలం 2 జీబీ దగ్గరే ఉంది. చుక్క పెరగలేదు. చెత్తబుట్టలో చూస్తే అక్కడా ఏమీ లేదు. ఉంటే కదా పడడానికి.

ఇవాళ మబ్బు పట్టింది. బట్టలు లోపలికి తెచ్చాను. మళ్లీ బయట ఆరేశాను.

లక్ష్మీపతి

*

బుక్కరాయసముద్రం,
18 జూన్ 2025

ఓబులేష్,

నీ ఉత్తరం ఇవాళ పదకొండు గంటలకు వచ్చింది. మూడుసార్లు చదివాను.

చీటీలు చించేశాను. నాలుగు రోజుల కిందట. గోదాము వాడికి పారేయమని కూడా నేనే చెప్పాను.

నేను నొక్కినప్పుడు నెట్ ఆపి ఉంది. ఈ ఊళ్లో అరవై ఏళ్లు బతికినవాడు కుళాయి తిప్పి వదిలిపెట్టడు. పని కాగానే కట్టేస్తాడు. నెట్‌నూ అలాగే కట్టేస్తాను. ఆ రోజు తిప్పడం మరిచాను. అంతే జరిగింది.

బాలప్పకు నువ్వే ఏదో ఒకటి చెప్పు. నేను చెప్పలేను.

కాలు జాగ్రత్త.

లక్ష్మీపతి

*

గుమ్మఘట్ట,
19 జూన్ 2025, ఉదయం
(బస్సు కండక్టర్ కదిరప్ప ద్వారా)

బావా!

నీ రెండో జాబు నిన్న సాయంత్రం అందింది. చదివి మంచం మీద నుంచి లేవబోయినాను. కాలు గుర్తు చేసింది. ఆరుసార్లు ఫోన్ చేసినాను, తీయలేదు. మెసేజ్ పెట్టినాను, చూడలేదు. అందుకే ఈ కవరు పొద్దున బస్సుకు కదిరప్ప చేతికిస్తాండాను. గడియారం స్తంభం దగ్గర దిగి ఆటోలో మీ ఇంటికే వచ్చి ఇస్తాడు. వానికి మజ్జిగ ఇయ్యి. 'మీ బావ ఫోను యేం, పూజలో పెట్టుకున్నాడా?' అని అడుగుతాండాడు.

ముందు కుర్చీలో కూర్చో. కూర్చున్నావా?

పోలేదు బావా. ఇంకా పోలేదు.

ఈ గోదాము వాడు మంచోడు. పారేయమంటే వెంటనే పారేయడు. వెనక కొట్టంలో ముప్పై రోజులు పెడతాడు. నీ ల్యాప్‌టాప్ చెత్తబుట్టలో లేవన్నావే, ఎట్లుంటాయి? ఈడ లేని వస్తువు ఈడి బుట్టలో పడదు. పైనున్నది పైబుట్టలో పడింది. నువ్వు తీసేసింది జూన్ 14. జూలై 14 దాకా టైము. అయితే ఆ రోజు దాకా ఆగొద్దు.

నేను రావాలంటే కట్టు విప్పాల. డాక్టరు నన్ను కొడతాడు. షాపుకు తీసుకుపోవద్దు, వాళ్లు 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్' అంటారు. నువ్వే చేయాల. ఏమీ కష్టం లేదు. ముందు కుళాయి తిప్పు. నెట్‌ను కుళాయి మాదిరి కట్టేసే అలవాటు నీది గదా. నువ్వు ఆపి పెట్టి నొక్కింటావని నాకు తెలుసు, పందెం కాస్తాను. తర్వాత ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి, ఆన్‌లైన్‌లో చూడు అనేదాన్ని ఎంచుకో. లాగిన్ అడుగుతాది. పాస్‌వర్డ్ నాకు తెలుసు, అక్క నా ముందరే పెట్టింది. నీ స్కూటర్ నంబరు. ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి, మధ్యలో ఖాళీ లేదు. లోపలికి పోయినాక ఎడమ పక్క రీసైకిల్ బిన్ ఉంటాది. దాంట్లో అన్నిటినీ పట్టి రీస్టోర్ అను. ఈసారి హెచ్చరిక వస్తే చదువు!

ఒక్క చోట నాకు భయం. పాస్‌వర్డ్ కొట్టినాక అది నమ్మదు. అక్క ఫోన్ నంబరుకు ఆరంకెల కోడ్ పంపుతాది. అది కొడితేనే లోపలికి రానిస్తాది. వాడని నంబరును కంపెనీవాళ్లు కొన్ని నెలలు చూసి ఇంకొకరికి ఇచ్చేస్తారు. పదహారు నెలలైపోయింది. ఆ కోడ్ ఇప్పుడు ఎవరి ఫోన్‌కు పోతాదో. నంబరు పోయింటే నాకు రాయి. వేరే దారి వెతుకుదాం. లేదని ఇప్పుడే అనను.

బాలప్ప మళ్లీ వచ్చినాడు. 'అన్నా, వచ్చిందా?' అంటే 'దోవలో ఉండాది' అని చెప్పినాను. నన్ను అబద్ధాలకోరును చేయొద్దు బావా.

ఓబులేష్

*

బుక్కరాయసముద్రం,
20 జూన్ 2025

చిరంజీవి ఓబులేష్‌కు,

కదిరప్ప నిన్న మూడు గంటలకు వచ్చాడు. రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. నా ఫోన్ చూపించమన్నాడు. చూపించాను. 'బాగానే ఉండాదే' అని పోయాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. కుళాయి తిప్పాను. పాస్‌వర్డ్ కొట్టాను. నా స్కూటర్ నంబరు పెట్టుకుందని నాకు తెలియదు.

తర్వాత కోడ్ అడిగింది.

నంబరు ఎవరికీ పోలేదు. ప్రతి నెలా రీచార్జ్ చేస్తున్నాను. ఫోన్ బీరువాలో ఉంది, ఆమె చీరల మీద. ఆదివారం ఉదయం చార్జింగ్ పెడతాను. ఎందుకని అడగకు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం సిద్ధం చేసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. దొరకలేదు. ఇప్పుడు నువ్వే ఒకటి ఇచ్చావు.

ముందు గదిలో కూర్చుని ఉన్నాను. బీరువాలో ఫోన్ మోగింది. లేచి తలుపు తీసి, ఆరంకెలు కాగితం మీద రాసుకుని, వచ్చి కొట్టేసరికి గడువు దాటిందన్నది. రెండోసారి ఫోన్‌ను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఈసారి రానిచ్చింది.

వెనక కొట్టంలో ఉన్నాయి. 341. లెక్కపెట్టాను. హెచ్చరిక వచ్చింది. చదివాను. రెండుసార్లు చదివాను. సరే అన్నాను.

ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి చూస్తూ కూర్చున్నాను. మబ్బులు ఒక్కొక్కటే వచ్చాయి. పది, ఇరవై, తర్వాత తెరంతా. ఈ జిల్లాలో ఒకేసారి ఇన్ని మబ్బులు నేను చూడలేదు.

ఇక డిస్క్ నింపింది ఎవరో కనిపెట్టాను. నీకు నవ్వు వస్తుంది. నవ్వుకో. రిటైరయ్యాక నా పాత బోరు రిపోర్టులన్నీ స్కాన్ చేసి 'బోరు రికార్డులు' అని ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. 24 జీబీ. దాని పక్కన 'బోరు రికార్డులు, ఆఫీసు కాపీ'. దాని పక్కన 'బోరు రికార్డులు, ఫైలు కాపీ'. శాఖలో ఏ కాగితమైనా మూడు ప్రతులు. చెయ్యి దానంతట అదే చేసేసింది. అన్నీ ఈ డిస్క్ మీదే, మబ్బు లేకుండా, నిండా. ఎండిపోయిన బోర్ల వివరాలు, మూడేసి సార్లు.

ఆమెది ఇంట్లో చోటు పట్టలేదు. పట్టింది నాది.

రెండు కాపీలు తీసేశాను. ఖాళీ 50 జీబీ అయింది. హెచ్చరిక పోయింది.

తిరుపాలమ్మ వీడియో దొరికింది. పేరు 'తిరుపాలమ్మ, గుమ్మఘట్ట గుట్ట, సాయంత్రం'. లింకు నీ ఫోన్‌కు పంపాను. పంపడం తెరమీద రాసి ఉన్నది చదివి నేర్చుకున్నాను. నేను తెరవలేదు.

అందినట్టు బాలప్పకు చెప్పు. నిన్ను అబద్ధాలకోరును చేయలేదు.

నీ బావ,
లక్ష్మీపతి

*

గుమ్మఘట్ట,
29 జూన్ 2025, ఆదివారం

బావకు నమస్కారాలు.

మూడు కాపీల సంగతి చదివి నవ్వినాను. ఎంత నవ్వినానంటే పుష్పావతి వంటింట్లో నుంచి పరిగెత్తుకొచ్చి, మళ్లీ మంచం మీద నుంచి పడినానేమో అనుకుంది. ఆమెకు చదివి వినిపించినాను. బీరువాలో ఫోను సంగతి వచ్చినాక ఇద్దరం నవ్వలేదు. దాని గురించి అడగొద్దన్నావు. అడగను.

ఇప్పుడు మా ఊళ్లో జరిగింది చెప్తాను. ఓపిక పట్టు, పొడుగుంటాది.

ఫోన్‌లో సౌండు చాలదని బాలప్ప లింగప్ప దగ్గర మైకుసెట్టు అడిగినాడు. లింగప్ప పెండ్లిండ్లకు పెట్టే పెద్ద పెట్టె తెచ్చినాడు. 'గొర్రెలకు మైకు పెట్టడం నా సర్వీసులో ఇదే మొదలు' అని తానే వైరు లాగినాడు. నన్ను ఆటోలో కాలు బయటికి చాపి ఎక్కించుకున్నారు. గుట్ట కింద తిరుపాలమ్మకు నులక మంచం వేసినారు. మెడకు గుడ్డ చుట్టుకోని, చేతిలో కట్టె పట్టుకోని రాణి మాదిరి కూర్చుండాది. మంద పైన, కనపడీ కనపడకుండా, గుట్ట నిండా చెదిరిపోయి ఉండాది.

ముందు బాలప్ప పిలిచినాడు. గొంతు చించుకోని పిలిచినాడు. ఒక పొట్టేలు తిరిగి చూసి, మళ్లీ మేత మేసుకుంది.

'చూస్తివా అన్నా? ఎట్ల చూస్తాందో? నేనేదో దానికి అప్పు పడినట్టు!'

గంగక్క పక్కనుంచి, 'నీ గొంతు విని మీ ఇంట్లో కోడే లేవదు, గొర్రెలేం వస్తాయిరా' అనింది.

నేను వీడియో పెట్టినాను. ముందు గాలి చప్పుడు. అక్క గొంతు, 'చెప్పమ్మా, రోజూ యెట్ల పిలుస్తావో అట్లే' అని. తర్వాత తిరుపాలమ్మ కేక. డ్రియ్యో... డ్రియ్యో... అని మొదలై, పైకి లేచి, చివర్లో చిన్నగా విరుగుతాది. అదే ఆ కేకలో ఉండే మర్మం. బాలప్ప విరవడు, లాగుతాడు.

గుట్ట మీద తలలన్నీ ఒకేసారి లేచినాయి బావా. ఎనభై తలలు. ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. తర్వాత దిగడం మొదలుపెట్టినాయి. రాళ్లు దొర్లించుకుంటా, దుమ్ము లేపుకుంటా, ఒకదాని మీద ఒకటి పడి. వచ్చి మైకుపెట్టె చుట్టూ నిలబడినాయి. తిరుపాలమ్మ దిక్కు చూడలేదు, పెట్టె దిక్కే చూస్తాండాయి. ఆయమ్మకు కోపమొచ్చి కట్టెతో దగ్గర్లో ఉన్న గొర్రెను ఒక్కటిచ్చింది. అది వెనక్కి తిరిగి ఆయమ్మను చూసి, ఒళ్లో తల పెట్టింది. ఆయమ్మ ఏడ్చిందో నవ్విందో, సద్దు లేదు కాబట్టి తెలియలేదు. భుజాలు మాత్రం ఊగినాయి.

అప్పుడే వీడియోలో హారన్ మోగింది. పెద్దగా. మైకుసెట్టులో ఇంకా పెద్దగా. ఎనభై గొర్రెలూ ఒక్క గెంతు గెంతినాయి. లింగప్ప వైరు తెగింది. నేను కట్టు కాలు ఎత్తుకోని అరిచినాను.

'యెవుడప్పా ఆ హారన్ కొట్టినోడు?' అన్నాడు బాలప్ప.

'మా బావ' అన్నాను.

'ఆయప్ప యాడుండాడు?'

'బుక్కరాయసముద్రంలో.'

'ఆడ్నుంచి కొడితే ఈడికి ఇనపడిందా!' అని గంగక్క. అందరూ నవ్విన నవ్వుకు గొర్రెలు మళ్లీ బెదిరినాయి.

ఇప్పుడు రోజూ సాయంత్రం పని ఇదే. అయితే తిరుపాలమ్మ గట్టిది. ఫోను చూపించి, బ్యాటరీ అయిపోతే అన్నట్టు వేళ్లు మూసి, కొడుకును చూపించింది. నువ్వు నేర్చుకో అని. బాలప్ప వీడియో పెట్టుకోని పక్కన తానూ పిలుస్తాండాడు. తప్పు పిలిస్తే కట్టెతో మోకాలి మీద కొడతాది. కేక చివర విరగాల్సిన చోట సరిగ్గా కొడతాది. నిన్నటికి పదహారు గొర్రెలు వాని గొంతుకే వచ్చినాయంట. లెక్కపెట్టి చెప్పినాడు.

ఒక సంగతి. హారన్‌తో వీడియో అయిపోలేదు. ఇంకో ముప్పై సెకండ్లు ఉండాది. దాంట్లో ఏముందో నేను రాయను. రాస్తే నువ్వు చదివి సరిపెట్టుకుంటావు. కుళాయి తిప్పుకోని నువ్వే విను.

ఓబులేష్

*

బుక్కరాయసముద్రం,
9 జూలై 2025

చిరంజీవి ఓబులేష్‌కు,

నీ ఉత్తరం 2వ తేదీన వచ్చింది. ఆ రోజే విన్నాను.

నెట్ తిప్పి, తిరుపాలమ్మ పేరు మీద రెండుసార్లు నొక్కాను. దిగడానికి ఆరు నిమిషాలు పట్టింది. మబ్బు పోయి టిక్కు వచ్చింది. ప్రాపర్టీస్ చూశాను. సైజ్ 480 ఎంబీ. సైజ్ ఆన్ డిస్క్ 480 ఎంబీ. రెండు గడులూ ఒకటే. అది చూశాక ప్లే నొక్కాను.

నువ్వు రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నా రికార్డులో ఉండాలి.

రెండు నిమిషాల పది సెకండ్ల దగ్గర నా హారన్. జయంతి ఫోన్ పట్టుకునే వెనక్కి తిరిగి అరిచింది. 'ఏమండీ! ఆ హారన్ ఆపండి, గొర్రెలు బెదురుతాండాయి!' దూరంగా, చింత చెట్టు కింద, చిన్నగా నేను కనిపిస్తాను. స్కూటర్ మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాను. తర్వాత ఆమె తిరుపాలమ్మతో గొంతు తగ్గించి అంది. 'పదేండ్లుగా ఇదే అమ్మా. ఏ ఊరికి పోయినా చివర్లో ఇది పడతాది. తీసేద్దామని కూర్చుంటాను, మళ్లీ చేతులు రావు.'

తిరుపాలమ్మ నవ్వింది. 'గొర్రెలకు నా కేక, నీకు ఆయప్ప కేక. మంద దొడ్డికి చేరినట్టే గదమ్మా. పో, పిలుస్తాండాడు.'

అక్కడితో అయిపోయింది.

అన్నీ ఒకే కేకలా ఉన్నాయని పదకొండేళ్లు అన్నాను. ఈ ఫోల్డర్‌లో నా కేక కూడా ఉందని తెలియదు.

రోజుకొకటి దించుతున్నాను. ఉదయం కాఫీ తర్వాత. ఇవాళ ఎనిమిదోది. మొరిగే కుక్కను మాటలతో కూర్చోబెట్టే ముసలాయన, జొన్నచేలో రేకు డబ్బా వాయించే ఇద్దరు ఆడవాళ్లు, ఇంకా అలాంటివి. ఎనిమిదిట్లో ఆరింట హారన్ ఉంది. రెండింట లేదు. ఆ రెండు రోజులూ నేను ఏం చేస్తున్నానో ఆలోచిస్తున్నాను. నిద్రపోయి ఉంటాను.

యాభై జీబీల్లో ఇలాంటివి నూట నాలుగు పడతాయి. ఆపైన, విన్నవాటిని మళ్లీ మబ్బులోకి పంపి కొత్తవాటిని దించుకోవాలి. స్థలం ఖాళీ చేయడం వేరు, తీసేయడం వేరు అని చదివి తెలుసుకున్నాను. బోరు రికార్డుల మూడో కాపీ కూడా పైకి పంపేద్దామా అని చూస్తున్నాను. వాటికిక ఇంట్లో పని లేదు.

ఫోన్ మోగితే తీస్తున్నాను. నిన్న కదిరప్ప చేశాడు. పరీక్షకు చేశానన్నాడు.

సోమవారం మధ్యాహ్నం నలభై నిమిషాలు వాన పడింది. ఆరేసిన బట్టలు తీయలేదు.

వచ్చే ఆదివారం బయలుదేరి వస్తున్నాను. స్కూటర్ మీద. పుష్పావతితో చెప్పు, రాగి సంకటి చాలు. మీ ఊరి మొదట్లోకి రాగానే హారన్ కొడతాను. బాలప్పను గొర్రెల్ని గట్టిగా పట్టుకోమను.

నీ బావ,
లక్ష్మీపతి